పాఠకుల ప్రశ్నలు: కాటన్ దొర ఇంట్లో ఎలాంటి మనిషి?

ప్రశ్న: మాది కోనసీమ. ఏటా మే 15న మా ఊళ్ళో రైతులు, గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఇంజనీరు కాటన్ దొర విగ్రహానికి దండలు వేసి పాలాభిషేకం చేస్తారు. మా మామగారు గోదావరిలో మునిగినప్పుడల్లా ఆయన పేరు తలుచుకుంటారు. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి మాత్రం "శిస్తు కోసం ఆనకట్ట కట్టించిన తెల్లదొరకి పూజలేంటమ్మా" అంటున్నాడు. వాడికేం చెప్పను? అసలు ఆయన భార్యాపిల్లలున్న మనిషేనా, వాళ్ళతో ఎలా ఉండేవాడు?

జవాబు: మీ అబ్బాయి మాటలో నిజం ఉందమ్మా, ముందు అది ఒప్పుకోండి. ఈస్టిండియా కంపెనీ పుణ్యానికి ఏదీ కట్టలేదు. నీళ్ళొస్తే పంట, పంటొస్తే శిస్తు, అదీ వాళ్ళ లెక్క. కాటన్ కూడా పైవాళ్ళకి ఆ లెక్కే చూపించి డబ్బు అడిగాడు. కానీ మీ ఊరి రైతులు దండ వేసేది కంపెనీకి కాదు కదా. 1833 కరువులో గుంటూరు జిల్లాలో 5 లక్షల జనంలో దాదాపు 2 లక్షల మంది పోయారని లెక్కలున్నాయి. గోదావరి జిల్లాలో నది పక్కనే పారుతున్నా అదే గతి, వాన లేకపోతే కరువు, ఎక్కువైతే వరద, పైగా 1839లో కోరంగి ఉప్పెన. 1821కీ 1841కీ మధ్య ఆ జిల్లా జనాభా పెరగాల్సింది పోయి తగ్గింది. అదే నేలలో ఇప్పుడు సార్వా, దాళ్వా రెండు పంటలూ పండుతున్నాయి. ఆ తేడా తాతల నోట విన్నవాళ్ళు ఆయన్ని తలుచుకోకుండా ఎలా ఉంటారు?

ఇక మీవాడు ఇంజనీరింగ్ విద్యార్థి కాబట్టి పూజ సంగతి పక్కన పెట్టి పని గురించి మాట్లాడండి. ధవళేశ్వరం దగ్గర నది లంకలతో కలిపి దాదాపు నాలుగు మైళ్ళ వెడల్పు, అడుగున ఎంత తవ్వినా ఇసుకే, రాయి తగలదు. అక్కడ గోడ ఎలా నిలబెడతావు అని వాణ్ణే అడగండి. కాటన్‌కి ఆ జవాబు ఇంగ్లండులో దొరకలేదు, అంతకుముందు తంజావూరు వైపు కావేరి మీద పనిచేస్తూ చోళుల కాలపు రాతి ఆనకట్ట కల్లణైని చూసి నేర్చుకున్నాడు. ఇసుక మీద పెద్ద బండలు వేస్తే అవి కొంత దిగుతాయి, వాటి మీద మళ్ళీ వేస్తే ఇంకొంత దిగుతాయి, చివరికి ఒకచోట కుదురుకుంటాయి. లోతు తెలియని ఇసుకలో పునాది నిలపడం మేము ఆ పాతవాళ్ళ దగ్గరే నేర్చుకున్నాం అని ఆయన స్వయంగా రాశాడు. ఏలేవాళ్ళు ఏలబడేవాళ్ళ దగ్గర నేర్చుకున్నామని ఆ రోజుల్లో ఒప్పుకోవడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి, నాకు ఆయన మీద గౌరవం మొదలైంది అక్కడే. 1847లో పని మొదలైంది. అడిగినంతమంది ఇంజనీర్లను ప్రభుత్వం ఇవ్వలేదు. ధవళేశ్వరం కొండ రాయి కొట్టి, పట్టాలు వేసి బండ్ల మీద నదిలోకి తెచ్చి పోశారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఈ నాలుగు పాయల మీదా 1852కి ఆనకట్ట పూర్తయింది.

ఇంటి సంగతి అడిగారు, చెప్తాను. ఆయన పుట్టింది 1803లో, పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడు. పద్దెనిమిదేళ్ళకే మద్రాసు వచ్చేశాడు. ఎండలకీ జ్వరాలకీ ఒళ్ళు గుల్లయిపోయి, గాలి మార్పు కోసం ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మేనియా దీవికి వెళ్ళినప్పుడు అక్కడ ఎలిజబెత్ లియర్‌మంత్‌తో పరిచయమై 1841లో పెళ్ళి చేసుకున్నాడు. మరుసటి ఏడాది కూతురు పుట్టింది, ఆమె పేరూ ఎలిజబెత్తే. పసిపిల్లతో ఆ ఇల్లాలు మన తీరానికి వచ్చి కాపురం చేసింది, ఆమె గురించి ఏ జయంతి సభలోనూ ఒక్క మాట వినిపించదు, నాకది బాధగానే ఉంటుంది. ఆనకట్ట సగంలో ఉండగా, 1848లో, కాటన్‌కి మళ్ళీ జబ్బు చేసి పని కెప్టెన్ ఓర్‌కి అప్పగించి ఆస్ట్రేలియా వెళ్ళాల్సి వచ్చింది. 1850లో తిరిగొచ్చాడు. అలా మంచాన పడి లేచి, ఇంట్లోవాళ్ళనీ ఆ టెన్షన్‌లో తిప్పుతూ చేసిన పని అది.

తండ్రిగా ఎలాంటివాడో తెలుసుకోవాలంటే ఆ కూతురినే చూడాలి. పెద్దయ్యాక లేడీ హోప్ అనే పేరుతో ఆమె తండ్రి జీవిత చరిత్ర రాసి, ఆయన పోయిన మరుసటి ఏడాదే, 1900లో, ప్రచురించింది. ఆయన పైవాళ్ళతో పడ్డ గొడవలు, రైళ్ళకి పోసే డబ్బు కాలువలకి పెట్టండని చివరిదాకా పోరాడటం, అన్నీ కూతురి చేతి మీదుగా మనదాకా వచ్చాయి. ముసలితనంలో ఇంగ్లండులో డోర్కింగ్ అనే ఊళ్ళో ఉంటూ ఇంటి తోటలోనే నేలని లోతుగా తవ్వి గోధుమ వేసి, దిగుబడి ఎంత పెరుగుతుందో ప్రయోగాలు చేసేవాడట. 96 ఏళ్ళకి, 1899 జూలై 24న, పోయాడు.

ప్రశ్న: అంతా కాటన్ ఒక్కడే కట్టినట్టు చెబుతారు. మనవాళ్ళెవరూ లేరా?

జవాబు: ఎందుకు లేరు! వీణెం వీరన్న పేరు మీ పిల్లలకి తప్పకుండా చెప్పండి. కూలీలను సమకూర్చి, పని ముందుండి నడిపించిన మనిషి ఆయన, తర్వాత రాయ్ బహదూర్ బిరుదు కూడా వచ్చింది. ఇక రాయి మోసిన వేలమంది కూలీల పేర్లు మనకెవరికీ తెలియవు. జయంతి నాడు కాటన్ పక్కన వీరన్న పటం కూడా పెట్టండి, మీ ఊరి నుంచే మొదలుపెట్టండి.

ప్రశ్న: పిల్లలకి చూపించాలంటే ఎక్కడికి తీసుకెళ్ళాలి?

జవాబు: ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. అక్కడ ఇప్పుడు కనిపించే బ్యారేజీ పాతది కాదు, 1970లో మొదలుపెట్టి 1982కి పూర్తిచేసిన కొత్త కట్టడం, పేరు మాత్రం ఆయనదే పెట్టారు. పాత పనితనం చూడాలంటే పి.గన్నవరం వెళ్ళండి. వైనతేయ పాయ మీదుగా కాలువని దాటించిన పాత అక్విడక్టు, కాటన్ దగ్గర పనిచేసిన హేగ్ కట్టింది, 49 కమానులతో ఇంకా నిలబడి ఉంది. పక్కనే అన్నదాతగా పేరుపడ్డ డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన కొత్తది ఉంది. కింద నది, పైన కాలువ, మీ అబ్బాయిని అక్కడ నిలబెట్టి ఎలా కట్టి ఉంటారో వాణ్ణే చెప్పమనండి.