తుడవకముందు చూడు

చి. కిరణ్‌కి, మామయ్య ఆశీస్సులు.

శంషాబాద్‌లో పెద్ద చెక్‌కి వచ్చిన ఇరవై ఏళ్ల విమానంలో నిన్ను వైరింగ్ తనిఖీకి వేశారని అమ్మ చెప్పింది. "వాడు టెన్షన్ పడుతున్నాడు, నువ్వే నాలుగు మాటలు చెప్పు అన్నయ్యా" అంది. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నాను. మాన్యువల్ పక్కన పెట్టుకునే ఇది చదువు. రెండింటికీ తేడా వస్తే మాన్యువల్ మాటే వినాలి.

ప్యానెళ్లు విప్పగానే, తుడిచేవాళ్లకంటే ముందు నువ్వు వెళ్లు. మురికే నీకు సగం కథ చెబుతుంది. గ్యాలీ (విమానంలో వంటగది) కింద తడి మరక, టాయిలెట్ల కింద నీలం మరక కనిపిస్తే నీళ్లు ఎటు కారుతున్నాయో తెలిసిపోతుంది. లూమ్ (వైర్ల కట్ట) మీద జిగటగా దుమ్ము పట్టిందంటే పైన ఎక్కడో హైడ్రాలిక్ ఆయిల్ కారుతోంది. బట్టల పీచు, దుమ్ము కలిసి దూదిలా పేరుకున్న చోట ఒక్క నిప్పురవ్వ చాలు. ఇవన్నీ చూసి, ఫొటోలు తీసుకుని, అప్పుడు తుడిపించు. తుడిచాక మళ్లీ చూడు. పగుళ్లు ఆ రెండో చూపులోనే దొరుకుతాయి.

విమానం వయసు చూసి భయపడకు. వయసుకంటే మనుషుల చేతులే వైర్లను ఎక్కువ పాడుచేస్తాయని నా అనుభవం. ఏడేళ్ల విమానం కూడా వైరు వల్ల కూలింది. 1998 సెప్టెంబర్ 2న స్విస్‌ఎయిర్ 111 విమానం కెనడా తీరంలో సముద్రంలో పడి 229 మంది పోయారు. కాక్‌పిట్‌లో వింత వాసన వచ్చిన 21 నిమిషాలకే అంతా అయిపోయింది. దర్యాప్తులో ఆర్కింగ్ (కరెంటు గాల్లోకి దూకి నిప్పు రవ్వలు రావడం) గుర్తులున్న వైర్లు దొరికాయి. వాటిలో ప్రయాణికుల సినిమాల కోసం తర్వాత వేసినవి కూడా ఉన్నాయి. ఆ రవ్వకు పక్కనున్న ఇన్సులేషన్ దుప్పటి పైపొర అంటుకుంది. అందుకే రికార్డులు ముందేసుకుని, ఈ విమానానికి తర్వాత ఏమేం తగిలించారో రాసుకో. సీట్ల తెరలు, వైఫై, కొత్త గ్యాలీ, ఏదైనా సరే. వాటి వైర్లు వెళ్లిన దారంతా ముందు చూడు.

నా సర్వీసులో ఒక పాత విమానం మమ్మల్ని నెల రోజులు ఏడిపించింది. పైకి లేచిన అరగంటకు ఒక వార్నింగ్ లైటు మిణుకుమనేది, దిగాక అంతా మామూలే. "గ్రౌండ్‌లో చెక్ చేశాం, బాగుంది" అని రాసి పంపేవాళ్లం. మూడు ఎలక్ట్రానిక్ బాక్సులు మార్చాం. చివరికి చక్రాలు ముడుచుకునే గూడు, అదే వీల్ వెల్ దగ్గర దొరికింది. అంతకుముందెప్పుడో హైడ్రాలిక్ పైపు మార్చడానికి ఎవరో లూమ్‌ని పట్టి ఉంచే క్లాంప్ విప్పి, బిగించేటప్పుడు రబ్బరు సరిగా కూర్చోబెట్టలేదు. రేకు అంచు వైరును రోజూ కొంచెం కొంచెం కోసింది. సిగ్గుతో చెబుతున్నాను, ఆ క్లాంప్ ముందు నేనే రెండుసార్లు టార్చ్ వేసి వెళ్లిపోయాను. ఎదురుగా చూశాను తప్ప వెనక అద్దం పెట్టలేదు. లూమ్‌కి నీకు కనిపించేది ఒక వైపే. రాపిడి ఎప్పుడూ రెండో వైపే ఉంటుంది!

మల్టీమీటర్ బీప్ అంటే వైరు బాగుందని అనుకోకు. పంతొమ్మిది పోగుల్లో పద్దెనిమిది తెగినా అది బీప్ అంటూనే ఉంటుంది. వైరు పైపొర, అంటే ఇన్సులేషన్ సంగతి ఎక్కువ వోల్టేజ్ పెట్టి చూసే మెగ్గర్ చెబుతుంది, కానీ రెండు చివర్లా బాక్సులు విడదీయకుండా దాన్ని తగిలిస్తే ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయి. ఇంధన ట్యాంకు వైర్ల జోలికి మాన్యువల్ చెప్పనిదే అసలు పోవద్దు. వైరులోకి పల్స్ పంపి ప్రతిధ్వని చూసే టీడీఆర్ మీ దగ్గర ఉండే ఉంటుంది. బావిలోకి అరిచి శబ్దం తిరిగొచ్చే సమయాన్నిబట్టి లోతు కట్టినట్టు, అది తెగిన చోటు ఎంత దూరమో చెబుతుంది. కానీ పైపొర మాత్రమే అరిగితే ఆ ప్రతిధ్వని మరీ సన్నం, చాలాసార్లు దొరకదు. దానికి కన్నూ, అద్దమే దిక్కు.

వైరు రకం కూడా తెలుసుకో. తేనె రంగులో మెరిసే కాప్టాన్ పైపొర తేలిక, వేడికి గట్టిది. కానీ ఏళ్లతరబడి తడి తగిలితే పెళుసై పగులుతుంది. పగులు దగ్గర ఆర్క్ పుడితే ఆ పొర బొగ్గవుతుంది, ఆ బొగ్గులో కరెంటు పారుతుంది, మంట లూమ్ వెంబడి పాకుతుంది. పాత బ్రేకర్లు (కరెంటు ఎక్కువైతే ఆపేసే స్విచ్‌లు) వేడికి ట్రిప్ అవుతాయి. కొన్ని మిల్లీసెకన్ల ఆర్క్ వాటికి తెలియదు. కాబట్టి బ్రేకర్ పడలేదన్నది వైరు బాగుందనడానికి సాక్ష్యం కాదు. పడితే మాత్రం ఊరికే నొక్కి వదిలేయకు, కారణం వెతుకు.

న్యూయార్క్ నుంచి పారిస్ బయల్దేరిన 25 ఏళ్ల బోయింగ్ 747, టీడబ్ల్యూఏ 800 సంగతి చదివే ఉంటావు. 1996 జులై 17న ఎగిరిన 12 నిమిషాలకు మధ్య ట్యాంకు పేలి 230 మంది పోయారు. ట్యాంకు బయట ఎక్కడో షార్ట్ అయి, ఇంధనం కొలిచే వైర్ల ద్వారా ఎక్కువ వోల్టేజ్ లోపలికి వెళ్లిందనేదే ఎక్కువ సంభవమని దర్యాప్తు తేల్చింది. ఆ తర్వాత ఇతర పాత విమానాలు విప్పి చూస్తే లూమ్‌ల మీద డ్రిల్లింగ్ లోహపు పొట్టు, పగిలిన ఇన్సులేషన్ కనబడ్డాయి. పొట్టు అంటే చిన్న చూపు వద్దు. నీ పక్కన షీట్‌మెటల్ వాళ్లు రంధ్రం వేస్తుంటే లూమ్ కప్పమని అడుగు, గొడవైనా సరే. తర్వాత వ్యాక్యూమ్ పెట్టు. గాలి కొట్టావంటే పొట్టు ఇంకా లోపలికి పోతుంది.

పవర్ తీశాకే చెయ్యి వెయ్యి. పాత లూమ్‌ని చూడ్డానికని వంచకు, పిసకకు. బాగున్న వైరు కూడా ఆ వంపుకి పగలొచ్చు. విప్పక తప్పని కనెక్టర్ తప్ప ఇంకోటి ముట్టుకోకు. విప్పితే పిన్నుల మీద పచ్చ తుప్పు ఉందేమో చూడు. చేత్తో లైటుగా నొక్కితే లూమ్ రెండు క్లాంపుల మధ్య అర అంగుళం కన్నా ఎక్కువ వేలాడుతుంటే ఆగి కొలువు.

రిపోర్టులో "వైరింగ్ బాగుంది" అని మాత్రం రాయకు. ఏ జోన్, ఏ ఫ్రేమ్ దగ్గర, ఎన్నో క్లాంప్, ఏ వైపు అరిగింది, అన్నీ రాయి. తర్వాతి చెక్‌కి వచ్చేవాడు అక్కడే మొదలుపెడతాడు.

కాప్టాన్ లూమ్ ముక్క ఒకటి నా దగ్గర ఉంది, స్క్రాప్‌లోంచి అడిగి తెచ్చుకున్నది. అటక మీద డబ్బాలో ఉంటుంది. ఈసారి వచ్చినప్పుడు దింపించు, పగులు ఎలా ఉంటుందో చేత్తో పట్టి చూద్దువుగాని.

మీ మామయ్య