అడగలేని విద్యార్థికి అండ

ప్రశ్న: ఇంట్లో మొదటిసారిగా డిగ్రీకి వచ్చిన పిల్లలు మా కళాశాలలో తొలి సెమిస్టర్‌లోనే వెనకబడుతున్నారు. సాయంత్రం అదనపు తరగతులు పెట్టినా, అవసరమైనవాళ్లే రావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: చిక్కంతా ఆ సాయంత్రంలోనే ఉందండీ. ఆ వేళకు వాళ్లలో కొందరు పనికి పోవాలి, కొందరు బస్సు అందుకోవాలి. పైగా ‘వెనకబడినవారికి’ అని పేరు పెడితే సిగ్గుతో అటు తొంగిచూడరు. ఆ గంటను పగటి టైంటేబుల్‌లోకి తెచ్చి అందరికీ పెట్టండి. 6–8 మందిని ఒక జట్టు చేసి, జట్టుకో సీనియర్‌ను ఇవ్వండి.

3వ వారంలో ఒక్క పేజీ రాతపని ఇచ్చి, వారంలోగా దిద్ది ఇవ్వండి. ‘ఇంకా బాగా రాయాలి’ అంటే వాళ్లకేం తెలుస్తుంది? ‘రెండో పేరాలో నువ్వు చెప్పిన మాటకు ఆధారం లేదు, పాఠంలోని పట్టిక నుంచి ఒక అంకె చూపించు’ అని రాయండి. ఆ రాతపని ఇవ్వనివాళ్లకు, వరుసగా 2 తరగతులు మానినవాళ్లకు అదే వారం ఫోన్ చేయాలి. ‘ఎందుకు రాలేదు?’ అనకండి, ‘రావడానికి ఏం అడ్డొస్తోంది?’ అని అడగండి. చాలాసార్లు అడ్డం డబ్బే. ఉపకారవేతనం ఆలస్యమైతే ఫీజు గడువు పెంచే అధికారం ఎవరిదో ముందే తేల్చి, వారి పేరు, గది నంబరు నోటీసుబోర్డులో పెట్టండి.