లాటిన్ క్రియల దగ్గరే మార్కులు పోతున్నాయి, సబ్జెక్టు మానిపించాలా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. మా అబ్బాయి ఇయర్ 10, జీసీఎస్ఈకి (ఇక్కడి పదో తరగతి లాంటి బోర్డు పరీక్షకు) లాటిన్ తీసుకున్నాడు. పదాలకు అర్థాలు అడిగితే టకటకా చెబుతాడు. వాక్యాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చమంటే మాత్రం క్రియ దగ్గర తప్పుతాడు. డాక్టర్ అవుతానంటాడు కదా, పనికొస్తుందని మేమే చేర్పించాం. ఇప్పుడు మావారు అది మాన్పించి కంప్యూటర్ సైన్స్‌లో వేద్దామంటున్నారు. వాడి టెస్ట్ పేపరు జత చేశాను.

జవాబు: ముందు డాక్టర్ సంగతి తేల్చేద్దాం అమ్మా. బ్రిటన్‌లో మెడిసిన్ సీటుకు లాటిన్ అడగరు. కెమిస్ట్రీ, బయాలజీ, యూక్యాట్ అనే ప్రవేశ పరీక్షలో స్కోరు, ఇంటర్వ్యూ, ఇవీ చూసేవి. లా చదవాలన్నా లాటిన్ తప్పనిసరి కాదు. అంతెందుకు, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో క్లాసిక్స్ (పాత గ్రీకు, లాటిన్ చదువు) డిగ్రీకే లాటిన్ రాకుండా చేరే దారి వేరే ఉంది. వైద్యంలో లాటిన్, గ్రీకు మాటలు చాలానే ఉన్న మాట నిజమే, కానీ ఎముకల పేర్లు గుర్తుపెట్టుకోవడానికి ఫ్యూచర్ టెన్స్ అక్కర్లేదు! కాబట్టి ఆ లెక్కన ఉంచాలా తీయాలా అని ఆలోచించకండి.

ఇక పేపరు. 'పాటెర్ ఫీలియోస్ ఇన్ ఉర్బెమ్ మిట్టెట్' అన్న వాక్యానికి మీవాడు తండ్రి కొడుకులను నగరానికి పంపాడని రాశాడు. తండ్రి, కొడుకులు, నగరం, పంపడం, అన్నీ తెలుసు. కథలు జరిగిపోయినట్టే ఉంటాయి కదా అని పాస్ట్ టెన్స్ వేసేశాడు. అక్కడున్నది ఫ్యూచర్, పంపబోతున్నాడని. మిగతా తప్పులు కూడా చాలావరకు ఇలాంటివే. పదాలు ఏరుకుని అర్థం ఊహిస్తున్నాడు, క్రియ తోక చూడట్లేదు.

అయితే ఇక్కడ చిక్కు నిజంగానే ఉంది. లాటిన్ క్రియలను నాలుగు గుంపులుగా చెబుతారు. మొదటి రెండు గుంపుల క్రియలకు ఫ్యూచర్‌లో 'బి' వస్తుంది: పోర్టట్ అంటే మోస్తున్నాడు, పోర్టాబిట్ అంటే మోయబోతాడు. పిల్లలు అదే పట్టుకుంటారు. మూడు, నాలుగు గుంపుల్లో ఆ 'బి' ఉండదు. మిట్టిట్ ప్రెజెంట్, మిట్టెట్ ఫ్యూచర్. పైగా రెండో గుంపులోని మోనెట్ చివర కూడా 'ఎట్' ఉంటుంది, అది మాత్రం ప్రెజెంట్, హెచ్చరిస్తున్నాడని. క్రియ ఏ గుంపుదో తెలియకపోతే ఈ రెండూ విడదీయలేం. అందుకే టీచర్లు మిట్టో, మిట్టెరే, మీసీ, మిస్సుమ్ అని నాలుగు రూపాలూ కలిపి వల్లె వేయిస్తారు. మీవాడు మొదటిదానికి అర్థం నేర్చుకుని ఆగిపోయి ఉంటాడు. ఎక్కాలు చదివించినట్టు రోజూ ఐదు క్రియలు, నాలుగేసి రూపాలు, పైకి చదివించండి.

రాసేటప్పుడు అర్థం జోలికి పోకముందే క్రియ చివర గీత గీసి, ఎవరు, ఎప్పుడు అని పైన పెన్సిల్‌తో రాయాలి. ఇది మన పిల్లలకు కొత్తేం కాదు. 'వచ్చాము', 'వచ్చావు' అంటే మేము, నువ్వు అని చెప్పకుండానే ఎవరో తెలిసిపోతుంది, లాటిన్ కూడా అంతే. ఒక్క తేడా, తెలుగులో 'పంపుతాడు' అంటే రోజూ పంపడానికీ, రేపు పంపడానికీ సరిపోతుంది. లాటిన్‌లో కుదరదు. మీకు లాటిన్ రాకపోయినా పక్కన కూర్చుని ఎవరు, ఎప్పుడు అని అడగొచ్చు. తోక చూపించి జవాబు చెప్పాలి, 'అలా అనిపించింది' అంటే ఒప్పుకోవద్దు.

స్కూల్లో ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు అయితే లాంగ్వేజ్ పేపరుకే సగం మార్కులు, డిక్షనరీ ఇవ్వరు. పదాల జాబితా మాత్రం బోర్డే ముందుగా ఇస్తుంది, అందులో క్రియలు వేరు చేసి ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కించమనండి.

సబ్జెక్టు మార్చడం గురించి మీవారితో నేనో మాట చెప్పానని అనండి: మధ్యలో కంప్యూటర్ సైన్స్‌లో చేరితే జరిగిపోయిన పాఠాలన్నీ ఎవరు చెబుతారో ముందు స్కూల్‌ని అడగాలి. అబ్బాయికి లాటిన్ ఇష్టమేనా అన్నది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇష్టమే అంటే ఈ టర్మ్ అంతా పైన చెప్పినట్టు చేయించి, టర్మ్ చివర టీచర్‌తో మాట్లాడండి. ఇష్టం లేదంటే మాత్రం ఆగకుండా ఈ వారమే స్కూల్‌కి వెళ్లండి.