పల్లంలో ఇంటి స్థలం కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి అబ్బాయికి,

మామయ్య ఆశీస్సులు. అమలాపురం దగ్గర వెంచర్లో ఐదు సెంట్లు చూశానని, బయానా ఇచ్చేలోపు ఏమేం చూసుకోవాలో రాయమని అడిగావు. నువ్వు పంపిన బ్రోచరూ చూశాను. అందులో ఆర్చి ఉంది, పార్కు ఉంది, రోడ్డుకి రెండు పక్కలా దీపాలున్నాయి. మురుగునీరు ఎటు పోతుందో మాత్రం ఎక్కడా లేదు. నేను అక్కణ్ణుంచే మొదలుపెడతాను. మన గోదావరి డెల్టాలో స్థలం ధరైనా, పునాది ఖర్చైనా, సగానికి సగం కాగితాల చిక్కులైనా నీళ్ళ దగ్గరికే వచ్చి ఆగుతాయి.

ముందు ఆ నేల నిన్నటిదాకా ఏమిటో కనుక్కో. కొబ్బరితోట కొట్టి వేసిన వెంచరైతే సగం దిగులు తీరినట్టే, తోటలు మామూలుగా మెరకలోనే ఉంటాయి. సార్వా, దాళ్వా రెండు వరి పంటలూ పండిన చేనైతే అది పల్లమే, మెరక చేసే ఖర్చు నీ నెత్తిన పడుతుంది. పూడ్చేసిన రొయ్యల చెరువైతే మాత్రం రేటు సగానికి తగ్గించినా వద్దు. అడుగున మెత్తటి బురద ఏళ్ళ తరబడి కుంగుతూనే ఉంటుంది, పైగా ఆ మట్టిలో ఉప్పు గోడలకి ఎక్కుతుంది. ఈ సంగతి వెంచర్ వాణ్ణి కాదు, పక్క చేలో పనిచేసే వాళ్ళని అడుగు.

వేసవిలో, కాలువలు కట్టేశాక చూపించే స్థలం ఏదైనా ముచ్చటగానే ఉంటుంది. జూన్‌లో కాలువలు వదిలి, చుట్టూ చేలు దమ్ము చేశాక అదే స్థలం మధ్యలో నిలబడి చూడు. అది కుదరకపోతే అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వాన పడి ఆగిన మర్నాడు కాకుండా, ఆ మూడో రోజు వెళ్ళు. మర్నాడు ఊరంతా నీళ్ళే ఉంటాయి, దాన్నిబట్టి ఏమీ తేలదు. మూడో రోజు కూడా నీళ్ళు నిలిచి ఉన్నాయంటే ఆ నీటికి దారి లేదన్నమాట. పక్క ఇళ్ళ గోడల మీద చార, కరెంటు స్తంభానికి పట్టిన బురద గీత ఎంత ఎత్తులో ఉన్నాయో టేపు పెట్టి కొలిచి చూడు.

పల్లం ఎంతో కంటితో తేల్చకు. యాభై అడుగుల పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు, మేస్త్రీలు లెవెల్ ట్యూబ్ అనేది, ఒకటి తీసుకుని గాలి బుడగ లేకుండా నీళ్ళు నింపు. ఒక కొస రోడ్డు నడిమధ్య నిలబెట్టిన కర్రకి, రెండో కొస స్థలంలో కర్రకి కట్టు. నీళ్ళు నిలకడయ్యాక రెండు చోట్లా నేల నుంచి నీటిమట్టం దాకా కొలిచి చూడు. రోడ్డు దగ్గర రెండడుగులు, స్థలంలో ఐదడుగులు వస్తే స్థలం రోడ్డుకి మూడడుగులు పల్లం. దానికి ఇంకో అడుగు కలుపుకో. సిమెంటు రోడ్డు తిరిగి వేసిన ప్రతిసారీ పాతదాని మీదే పోస్తారు. పాత వీధుల్లో ఇళ్ళన్నీ రోడ్డుకి కిందై, వాన పడితే వీధి నీళ్ళు గుమ్మంలోకి రావడం అందుకే.

ఇప్పుడు లెక్క చూడు. సెంటంటే 48.4 గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. ఐదు సెంట్లకి 2,178. నాలుగడుగులు మెరక చెయ్యాలంటే 8,712 ఘనపు అడుగులు. పోసిన మట్టి నాని, అణిగేటప్పటికి తగ్గుతుంది కనక పావు వంతు ఎక్కువ వేసుకో. దగ్గర దగ్గర 10,900. ట్రాక్టరు ట్రక్కు పొడవు పది, వెడల్పు ఆరు, లోతు అడుగున్నర అయితే పట్టేది 90 ఘనపు అడుగులు. మొత్తం 121 ట్రిప్పులు. ట్రక్కు కొలత ముందే నువ్వే కొలిచి బేరం ఆడు, ‘ట్రిప్పుకి ఇంత’ అని నోటిమాట మీద ఒప్పుకుంటే నిండా పోసినవాడికీ సగం పోసినవాడికీ ఒకటే రేటు పడుతుంది. ఈ మొత్తాన్ని స్థలం రేటుకి కలిపి, అప్పుడు ఊళ్ళో మెరక స్థలం రేటుతో పోల్చు. చాలాసార్లు చవక అనుకున్నదే ఖరీదవుతుంది.

మట్టిలో బొండు ఇసుక మేలు. త్వరగా అణుగుతుంది, తరవాత కదలదు. మెట్ట నుంచి వచ్చే గ్రావెల్ ఇంకా గట్టిది గానీ దూరాభారం. చెరువులు తవ్విన నల్లమట్టి చవగ్గా వస్తుంది. ఎండకి బీటలు తీసి, వానకి ఉబ్బుతుంది, దాని మీద వేసిన గచ్చు పగులుతుంది. సముద్రపు ఇసుక అసలే వద్దు. ఏ మట్టైనా అడుగు మందం పరిచి, తడిపి, తొక్కించి, ఆ పైన ఇంకో అడుగు వెయ్యాలి. నాలుగడుగులూ ఒకేసారి పోసేస్తే పైన గట్టిగా ఉన్నట్టుండి లోపల డొల్లగా ఉంటుంది. ఒక వానాకాలం ఊరుకో. ఎలాగూ పిల్లర్ల పునాది పోసిన మట్టిలో ఆగకూడదు, కింద అసలు నేలలోకి దిగాలి. చేను వైపు అంచున గోడ కట్టిస్తే అందులో నీళ్ళు కారడానికి పైపు ముక్కలు పెట్టించడం మరిచిపోకు, లేకపోతే నానిన మట్టి గోడని బయటికి తోసేస్తుంది. మట్టి ఎక్కణ్ణుంచి వస్తోందో, దానికి అనుమతి ఉందో లేదో కూడా అడుగు. దొంగ మట్టైతే సగం పని మధ్యలో ట్రాక్టర్లు ఆగిపోతాయి.

డ్రైనేజీ సంగతి. వెంచర్లో రోడ్ల పక్కన సిమెంటు కాలవలు చక్కగా కట్టి ఉంటాయి. వాటి వెంట చివరిదాకా నడువు. లేఅవుటు అంచున ఆగిపోయాయా, పంట బోదెలో, అంటే చేలకి నీళ్ళిచ్చే పిల్లకాలవలో, పడుతున్నాయా, మురుగు కోడులో కలుస్తున్నాయా? పంట బోదెలోకి వదిలితే రైతులు ఊరుకోరు, ఏదో ఒక రోజు మట్టి వేసి మూసేస్తారు, అది వాళ్ళ తప్పూ కాదు. మురుగు కోడులో కలిసేదే నిజమైన దారి. అలాగే స్థలాల మధ్యగా పాత బోదె ఏదైనా ఉండి, దాన్ని పూడ్చేశారేమో, సన్నటి తూము వేసి సరిపెట్టారేమో చూడు. కింది ఆయకట్టుకి నీళ్ళు అందకపోతే తవ్వేస్తారు, తవ్వేది నీ కాంపౌండులోంచే కావచ్చు. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో ఇంకో తిరకాసుంది. పోటు వేళ డ్రెయిన్లు లాగవు, నీరు వెనక్కి తంతుంది. అమావాస్యకో పౌర్ణమికో పోటు సమయంలో వెళ్ళి కోడు గట్టు మీద నిలబడితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఏటిగట్టుకి నది వైపు ఉన్న లంక భూమి ఎంత చవగ్గా ఇచ్చినా ఇంటికి పనికిరాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది, మొన్న 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఇంకేం చెప్పాలి?

తాగే నీళ్ళు కూడా అప్పుడే చూసెయ్యి. చుట్టుపక్కల నాలుగిళ్ళలో బోరు ఎన్ని అడుగులు దింపారో అడుగు. మన దగ్గర చాలాచోట్ల పైపొరలో తీపి నీరు, లోతుకి పోయేకొద్దీ ఉప్పు. లోతు బోరు గొప్ప అనుకోకు. నీళ్ళు సీసాలో పట్టి టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాలు, కొలిపించు, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, 2,000 దాటితే తాగడానికి వద్దు. చుట్టూ ఇళ్ళలో గోడలు కింద రెండు మూడడుగుల దాకా సున్నం పెచ్చులూడి తెల్లటి పొడి కారుతుంటే భూమిలో ఉప్పు ఉందని అర్థం.

ఇక కాగితాలు. అడంగల్, 1-బి అనే రెవెన్యూ రికార్డులు చూపించి ‘క్లియర్ టైటిల్’ అంటారు. అవి మొదటి మెట్టు మాత్రమే. సర్వే నంబరుకి ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే వాళ్ళ కొలతల పటం) తీసుకుని నేల మీద పెట్టి చూడు. స్కెచ్‌లో పుంత (బండ్ల దారి), బోదె, కాలవ గీతలు ఉంటే అవి పోరంబోకు. దాన్ని కలిపేసుకుని ప్లాట్లు కోసి ఉండొచ్చు. పాత రిజిస్టరులో భూమి వర్గీకరణ ఏమిటో, రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో ఆ నంబరు ఉందో లేదో చూడాలి. కోనసీమలో దేవస్థానం మాన్యాలు, సత్రం భూములు ఎక్కువ. అవి ఎన్ని చేతులు మారినా దేవుడివే. ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూమైతే 1977 చట్టం ఉంది, అమ్మకం చెల్లదు. ఈమధ్య కొన్నిటికి సడలింపు ఇచ్చామంటారు గానీ ఇంటి స్థలం కోసం ఆ జూదం నీకెందుకు? కాలవ గట్టు మీది ఇళ్ళకి పన్ను రసీదు, కరెంటు మీటరు ఉంటాయి. అవి హక్కు కాగితాలు కావు.

రీసర్వే అయిన ఊరైతే పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది. అమ్మేవాడి దస్తావేజులో పాత నంబరు, 1-బిలో కొత్త నంబరు, విస్తీర్ణంలో నాలుగైదు సెంట్ల తేడా. ఈ మూడూ కలవకుండా ముందుకెళ్ళకు. అన్నదమ్ముల భూమికి ఉమ్మడిగా ఒకే ఎల్‌పీఎం ఇచ్చి ఉంటే, దాన్ని విడగొట్టించి అప్పుడు రమ్మను.

ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చేతిరాత పుస్తకాల్లోంచి తీయించాలి. కనీసం ముప్ఫై ఏళ్ళ లింకు డాక్యుమెంట్లు వరసగా పేర్చి, కొన్నవాడు, అమ్మినవాడు ఒక్కొక్కరూ కలుస్తున్నారేమో చూడు. ఎక్కడ తెగుతుందో చెప్పనా? పసుపు కుంకుమ దగ్గర. కూతురికి పసుపు కుంకుమ కింద అరెకరం ఇచ్చామంటారు, తెల్లకాగితం మీద రాసుకుని ఉంటారు, రిజిస్టరు ఉండదు. ఇప్పుడు ఆమె అమ్ముతుంటే పుట్టింటి వాళ్ళూ, అన్నదమ్ముల పిల్లలూ హక్కుదారులుగా మిగిలే ఉంటారు. దీనికి తిరగేసిన రకం ఇంకోటి: కొడుకులు పంచుకుని అమ్మేస్తారు, ఆడపిల్లల సంతకాలుండవు. 2005 సెప్టెంబరు 9 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురు కొడుకుతో సమానం. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెప్పించి, అందులో ఉన్న ప్రతి ఒక్కరినీ అమ్మకందార్లుగా చేర్పించు. ‘చెల్లెలు ఏమీ అనదు’ అన్న మాట వినిపిస్తే ఆ చెల్లెలితోనే మాట్లాడు. కౌలుదారు ఉంటే అతను ఖాళీ చేసినట్టు రాతపూర్వకంగా తీసుకో. జీపీఏ (యజమాని వేరొకరికి రాసిచ్చే అధికార పత్రం) మీద అమ్ముతుంటే, అది ఇచ్చినవాడు బతికి ఉన్నాడో లేదో కళ్ళారా చూసుకో.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా తీసుకోవాల్సిన జాగ్రత్త ఒకటుంది. గ్యాసు పైపులైను. చేలల్లో, తోటల్లో హెచ్చరిక రాళ్ళు, పసుపు పలకలు కనిపిస్తాయి. ఆ పట్టీ మీద ఇల్లు కట్టనివ్వరు, 1962 చట్టం ప్రకారం వాడుకునే హక్కు కంపెనీది. అమ్మేవాడు రాయి పీకేసి చూపిస్తే నీకు తెలియదు. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపు పేలి ఏం జరిగిందో తెలిసిన ఊళ్ళవాళ్ళం మనం. పైపు ఎటు పోతుందో పక్క రైతుని అడిగితే అడుగులతో సహా చెబుతాడు, నష్టపరిహారం తీసుకుని ఉంటాడు కదా.

లేఅవుటు సంగతి: ఇదివరకు నాలా (సాగుభూమిని వేరే వాడకానికి మార్చే రుసుము) కట్టిన రసీదు చూపించి అదే అప్రూవల్ అంటారు. అది వేరు, ఇది వేరు. లేఅవుటుకి అనుమతి ఇచ్చినట్టు తెలిపే ఎల్‌పీ నంబరు అడుగు. అప్రూవ్డ్ ప్లానులో పది శాతం ఖాళీ స్థలం, రోడ్లు పంచాయతీ పేర గిఫ్ట్ డీడ్ అయ్యాయో లేదో పంచాయతీలో చూడు. కాకపోతే నీ ఇంటి ముందు రోడ్డు ఇంకా వెంచర్ వేసినవాడి సొంత ఆస్తే, పార్కు ఎప్పుడో ప్లాట్లవుతుంది. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్ రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదవ్వాలి, రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా పది శాతం మించి డబ్బు అడగకూడదు. విడిగా తోటలో ముక్క కొంటే మెయిన్ రోడ్డు దాకా దారి హక్కు, ఎన్ని అడుగుల వెడల్పో, దస్తావేజులో రాయించు. ‘ఎప్పట్నుంచో నడుస్తున్నదే’ అనేది యజమాని మారేదాకానే.

డబ్బు విషయంలో పెద్దగా చెప్పేదేం లేదు. స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం పక్కన పెట్టుకో. నగదు 20,000, ఆపైన చేతులు మారితే ఆదాయపు పన్ను వాళ్ళతో పేచీ, బ్యాంకులోంచే ఇవ్వు. అగ్రిమెంటులో గడువు తేదీ, కాగితాల్లో లోపం తేలితే బయానా వాపసు అన్న మాట ఉండాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక 1-బిలో నీ పేరు ఎక్కిందో లేదో చూసి, సర్వేయరుతో కొలిపించి నాలుగు మూలలా రాళ్ళు పాతించు. హైదరాబాదులో కూర్చుంటే హద్దు ఏటా జానెడు జరుగుతుంది.

కోటిపల్లి–నరసాపురం రైల్వే లైను వస్తుంది, హైవే దగ్గర, రేటు రెట్టింపు అంటారు. లైను వచ్చినా రైలు నీ స్థలంలో నిలిచిన నీళ్ళని తోడదు. నువ్వు కొనేది ఉండటానికి, ఆ కబుర్లు వదిలెయ్యి.

దస్తావేజుల జిరాక్సులు, ఈసీ, ఎల్‌పీ నంబరు ముందే పంపించు, ఎఫ్‌ఎంబీ నేను తీయించి ఉంచుతాను. వచ్చే పౌర్ణమికి ఒక రోజు ముందు బయల్దేరు. టేపు, లెవెల్ ట్యూబ్ ఇక్కడ ఉన్నాయి, బూట్లు మాత్రం బురదలో దిగేవి వేసుకురా. బయానా డబ్బు ఆ ప్రయాణంలో తేవద్దు.

ఇట్లు,
మీ మామయ్య