కథ పేరులో ఆకాశం: ఒక యువ రచయిత్రికి లేఖ

నెల్లూరు

అమ్మాయ్,

ఆశీస్సులు. నీ కథ అందింది. చదివి పక్కన పెట్టి, మళ్ళీ తీసి చదివాను. బో బాగుంది. ఆ మాట ముందు చెప్పేసి, నువ్వు అడిగినదానికి వస్తాను.

నువ్వు అడిగింది పేరు గురించి. ‘నక్షత్రాల దారిలో’ అని పెట్టావు. సైన్స్ ఫిక్షన్ అన్నాక పేరులో నక్షత్రమో గ్రహమో గెలాక్సీనో లేకపోతే ఎవరూ పట్టించుకోరని నీ స్నేహితులు అన్నారట. ఎందుకలా అని అడిగావు. అందులో నిజం ఉంది. అది ఎంతవరకు నిజమో తెలుసుకుంటే నీ కథకు ఏం చెయ్యాలో నీకే తెలుస్తుంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

కొత్త లోకాన్ని చూపించాలంటే కథకుడికి ఎవరూ చూడని చోటు ఒకటి కావాలి. పూర్వం సముద్రం ఆ చోటు ఇచ్చేది. ఓడ దారి తప్పేది, పేరు తెలియని దీవి ఒకటి కనపడేది. ఆ దీవిలో మనుషులు ఎట్లాగైనా ఉండొచ్చు, రాజ్యం తలకిందులుగా నడవొచ్చు. పంతొమ్మిదో శతాబ్దం గడిచేకొద్దీ మ్యాపులో ఖాళీ దీవులు అయిపోయాయి. 1865లో జూల్స్ వెర్న్ తన మనుషుల్ని పెద్ద ఫిరంగి గుండులో కూర్చోబెట్టి చంద్రుడి వైపు పంపాడు. 1898లో హెచ్.జి. వెల్స్ అంగారకుడి జీవుల్ని ఇంగ్లండులోనే దించాడు. దీవులు చేసిన పని గ్రహాలు అందుకున్నాయి. పేర్లలోకి ఆకాశం రావడానికి ఇది మొదటి కారణం. దీని మీద నాకు గౌరవం ఉంది. ఆ కథల్లో ఆకాశం సింగారానికి రాలేదు, కథంతా దానిమీదే నిలబడింది.

రెండోది అంగడి కారణం. అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ 1926లో ఇలాంటి కథల కోసమే ‘అమేజింగ్ స్టోరీస్’ అనే పత్రిక పెట్టాడు. 1930లో ‘ఆస్టౌండింగ్’ వచ్చింది. ఆ రెండు పేర్లూ అబ్బురపడమనే చెబుతున్నాయి, ఎక్కడికి పోతున్నామో చెప్పడం లేదు. 1939లో ‘ప్లానెట్ స్టోరీస్’, 1950లో ‘గెలాక్సీ’ వచ్చాయి. అంటే పాతికేళ్ళ లోపే పత్రికల పేర్లు అంతరిక్షంలోకి వెళ్ళిపోయాయి. ఇలాంటి పత్రికలు చాలావాటిని చవక కాగితం మీద అచ్చేసి, రంగుల బొమ్మ అట్ట వేసి, బడ్డీల్లో పక్కపక్కన పెట్టి అమ్మేవాళ్ళు. కొనేవాడి చూపు వాటిమీద నిలిచేది కాసేపే. ఆ కాసేపట్లో పేరు చెయ్యాల్సింది మన ట్రంకు రోడ్డులో అంగడి బోర్డు చేసే పనే. లోపల ఏం దొరుకుతుందో రోడ్డు మీది మనిషికి చెప్పాలి.

అమెరికా రచయిత ఐజాక్ అసిమోవ్ మొదటి నవల సంగతి నీకు చెప్పి తీరాలి. దాన్ని 1947లో రాశాడు. పని మానుకున్న ముసలి దర్జీ ఒకాయన షికాగోలో నడిచి పోతూ, ఒక అడుగు ఎత్తి ఇంకో అడుగు వేసేలోపు వేల ఏళ్ళ తర్వాతి కాలంలో పడతాడు. అప్పటికి భూమి పేదదైపోయి ఉంటుంది, రేడియేషన్‌తో పాడై ఉంటుంది. అరవై నిండిన మనిషిని అక్కడ బతకనివ్వరు. ఈయనకు ఆ వయసు ఇప్పటికే దాటిపోయింది. ఆ కథకు రచయిత పెట్టుకున్న పేరు ‘గ్రో ఓల్డ్ విత్ మి’. నాతోపాటు ముసలివాడివి కమ్మని, ఇంగ్లీషు కవి బ్రౌనింగ్ పద్యాన్ని మనసులో పెట్టుకుని పెట్టిన పేరు. రాయమని అడిగిన పత్రికే తిప్పి పంపింది, ఇంకో సంపాదకుడూ వద్దన్నాడు. 1949లో డబుల్‌డే ప్రచురణ సంస్థ తీసుకుంది కానీ, పేరు సైన్స్ ఫిక్షన్‌లా వినపడాలంది. 1950లో పుస్తకం ‘పెబుల్ ఇన్ ద స్కై’ అని వచ్చింది, ఆకాశంలో గులకరాయి అని.

నువ్వు అడిగిన ‘ఎందుకు’కు సగం జవాబు ఇక్కడే ఉంది. పేరులోని ఆకాశం చాలాసార్లు రాసేవాళ్ళ మనసులోంచి కాకుండా, అమ్మేవాళ్ళ బల్ల మీదినుంచి వస్తుంది. అంతమాత్రాన అది తప్పుడు పేరు అనను. ఆ నవలలో భూమి నిజంగానే గెలాక్సీ సామ్రాజ్యం ముందు గులకరాయంత. కొత్త పేరు కథలోంచే పుట్టింది, కథ దాన్ని మోసింది. అయినా నా మనసు ఆ పాత పేరు దగ్గరే ఆగిపోతుంది. వయసైపోయిందన్న ఒక్క కారణానికి చంపేసే లోకంలో ఒక ముసలాయన పడే భయం ఆ పేరులో ఉంది. గులకరాయిలో ఆ ముసలాయన లేడు. ఆ రచయితే 1951లో గెలాక్సీ అంతా పరుచుకున్న కథను ‘ఫౌండేషన్’ అనే పేరుతో పుస్తకంగా తెచ్చాడు. పేరులో చుక్క లేదు, గ్రహం లేదు. ఆ పుస్తకాన్ని ఇప్పటికీ చదువుతూనే ఉన్నారు.

ఇక మన సంగతి. నీ స్నేహితులు ఆలోచించని విషయం ఒకటుంది. తెలుగువాడికి ఆకాశం ఖాళీ చోటు కాదు. చందమామను చూపించి అన్నం తినిపిస్తాం, పెళ్ళిలో అరుంధతిని చూపిస్తాం, ధ్రువుడి కథ చిన్నప్పుడే వింటాం, గ్రహాలు బాగాలేవని శాంతి చేయిస్తాం. కాబట్టి ‘నక్షత్రాల దారిలో’ అని చూడగానే మన పాఠకుడికి రాకెట్ తట్టదు. ప్రేమకథ అనుకుంటాడు, లేకపోతే జాతకాల పుస్తకం అనుకుంటాడు. ఇంగ్లీషులో అంగడి బోర్డుగా పనికొచ్చిన మాట మన దగ్గర ఆ పని కూడా చెయ్యడం లేదు. మన నెల్లూరు జిల్లా మనిషి సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో కాలంలో ప్రయాణించే కథను సినిమాగా తీసి ‘ఆదిత్య 369’ అని పేరు పెట్టారు. కథ రాయల కాలానికి పోతుంది, భవిష్యత్తుకు పోతుంది. ఉత్త ‘ఆదిత్య’ అని ఉంటే పౌరాణికమో కుటుంబ కథో అనుకునేవాళ్ళం. పక్కన మూడు అంకెలు చేరేసరికి అది యంత్రం కథని తెలిసిపోతుంది. నా లెక్కలో ఆ పేరుకు బలం ఆ అంకెలే. (2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి సూర్యుణ్ణి పరిశీలించడానికి పోయిన నౌక పేరు కూడా ఆదిత్య-ఎల్1. అది చూసి ఎంత సంతోషపడ్డానో!)

శ్రీహరికోట అనగానే నీ కథకు వచ్చాం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అది తిరుపతి జిల్లాలోకి పోయింది కానీ, నీకూ నాకూ అది మన ఇంటిదే. 1971 అక్టోబరులో అక్కడినుంచి చిన్న రోహిణి రాకెట్ ఎగిరింది మొదలు ఈ తీరంలో పుట్టినవాళ్ళకు అంతరిక్షం ఎక్కడో లేదు. ‘ఈరోజు రాకెట్ వదులుతున్నారంట’ అని బజారులో కూరగాయలు ఏరుకుంటూ చెప్పుకునే సంగతి అది. యానాదులు కట్టెలు కొట్టుకుని బతికిన దీవి అది. పక్కనే పులికాట్ సరస్సు, నేలపట్టు కొంగలు. ఇంత దగ్గరి అంతరిక్షాన్ని చేతిలో పెట్టుకుని, పేరు కోసం ఎక్కడిదో దూరపు నక్షత్రాన్ని అరువు తెచ్చుకున్నావు.

నీ కథలో నాకు ఒళ్ళు జలదరించింది ఎక్కడో చెబుతాను. రాకెట్ వదిలేటప్పుడు ఆ చుట్టుపక్కల సముద్రంలోకి వేటకు పోవద్దని పడవలవాళ్ళకు చెప్పడం ఇప్పుడు ఉన్నదే. నువ్వు దాన్ని ముందుకు లాగావు. రోజుకు నాలుగు రాకెట్లు పోయే కాలం వచ్చింది, మూసిన సముద్రం మైపాడు దాకా పాకింది, వేటకు దొరికేది మధ్యలో కొన్ని గంటలే. పొద్దున్నే ఆ తల్లి ఫోన్ తీసి కొడుకును అడుగుతుంది, ‘ఈరోజు సముద్రం ఉందా?’ అని. అమ్మాయ్, ఆ మాట దగ్గర నేను పుస్తకం మూసి కూర్చున్నాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం చూసిన ఊళ్ళకు సముద్రం మూసెయ్యడం అంటే ఏంటో తెలుసు. ఆ తెలివిడినే నువ్వు భవిష్యత్తులోకి తీసుకుపోయావు. ఇంతకంటే సైన్స్ ఫిక్షన్ ఇంకేం కావాలి?

ఆ ప్రశ్ననే కథకు పేరుగా పెట్టు. ‘ఈరోజు సముద్రం ఉందా?’ చదివినవాడు ఆగుతాడు. సముద్రం లేకపోవడం ఏంటని లోపలికి వస్తాడు. ఏ రకం కథో చెప్పలేదే అని టెన్షన్ పడొద్దు. పత్రికవాళ్ళు పైన ‘సైన్స్ ఫిక్షన్ కథ’ అని వేస్తే ఆ పని అయిపోతుంది. వెయ్యకపోయినా, ఇప్పుడు మూడో పేజీలో ఉన్న రాకెట్ల టైంటేబులును మొదటి పేరాలోకి తెచ్చుకో, చాలు.

రేపు నువ్వు వేరే కథ రాసి, అందులో ఒక మనిషి గ్రహం మీద దిగి అక్కడి మట్టిని చేత్తో తాకితే, అప్పుడు పేరులో గ్రహం పెట్టు, నేను వద్దనను. ఈ కథలో మాత్రం ఒక్కరూ తల ఎత్తి నక్షత్రం చూడలేదు. చూసే తీరిక వాళ్ళకు లేదు. కథలో లేనిదాన్ని పేరులో పెడితే, పాఠకుడు దానికోసం చివరిదాకా వెతుక్కుని ఉత్త చేతులతో పోతాడు.

ఇంకో చిన్న సంగతి. ఆఖరి పేజీలో ‘కక్ష్య’, ‘పేలోడ్’ అని తల్లి చేత అనిపించావు. కొడుకు అనవచ్చు, తల్లి అనదు. ఆమె ‘పైకి పోయేది’ అంటుందని నాకు తోస్తోంది. ఏప్రిల్‌లో నిషేధం మొదలయ్యాక మీ నాన్న ఇంటి దగ్గరే ఉంటారు కదా, వలలు బాగుచేసుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని కథంతా వినిపించు. పడవ మాటలు, ఇంజను మాటలు ఎక్కడ తప్పినా ఆయన దిద్దుతారు. దిద్దినవి రాసుకుని, కొత్త పేరుతో నాకు పంపు.

మీ అమ్మగారికి, నాన్నగారికి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దమ్మ