డిస్లెక్సియా ఉన్న పిల్లవాడు ఎంపీసీ తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లిష్ మీడియంలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. లెక్క నోటితో చెబితే ఇట్టే చేస్తాడు గానీ, అదే లెక్క పుస్తకంలో ఉంటే కూడబలుక్కుని చదివేసరికే అలసిపోతాడు. స్పెల్లింగులు ఎన్నిసార్లు రాయించినా నిలవవు. డిస్లెక్సియా కావచ్చు, పరీక్ష చేయించమని టీచరుగారు అన్నారు. అంటే బుద్ధిమాంద్యమా? ఇంటర్‌లో ఎంపీసీ ఆశ వదులుకోవాలా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీరు రాసిన మొదటి రెండు వాక్యాలు చదవగానే నాకు 1896 నాటి ఒక పిల్లవాడు గుర్తొచ్చాడు. ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గాన్ అనే వైద్యుడు ఆ ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పెర్సీ అనే పద్నాలుగేళ్ల బాలుడి గురించి రాశారు. ఆ అబ్బాయి తన పేరునే ‘ప్రెసీ’ అని రాసి, ఎవరో చూపించేదాకా తప్పు గమనించలేదు. కానీ తొమ్మిదంకెల సంఖ్యను తడుముకోకుండా చదివాడు, బీజగణితం చేశాడు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడిలో వాడంత తెలివైనవాడు ఇంకొకడు ఉండడని అతని మాస్టారు అన్నారట. మీ ప్రశ్నకు జవాబులో సగం ఆ మాస్టారి మాటలోనే ఉంది.

డిస్లెక్సియా అంటే రాసి ఉన్న పదాన్ని తప్పు లేకుండా, తగినంత వేగంగా గుర్తుపట్టి చదవడంలోనూ, స్పెల్లింగులోనూ ఎడతెగకుండా ఉండే ఇబ్బంది. ఇది మెదడు భాషను గ్రహించే తీరులోని తేడా వల్ల పుట్టుకతో వచ్చేది. చాలా కుటుంబాల్లో ఒకరికి మించి కనిపిస్తుంది. పదంలోని ధ్వనులను విడదీసి, ఏ ధ్వనికి ఏ అక్షరమో జతచేసుకోవడం దగ్గరే ఎక్కువమందికి చిక్కు వస్తుంది. ఈ నిర్వచనంలో మీరు పట్టుకోవలసిన మాట ‘పదం’. ఇబ్బంది పదాన్ని చదవడంలో ఉంది తప్ప, విన్న విషయాన్ని అర్థం చేసుకోవడంలోనో ఆలోచించడంలోనో కాదు. బుద్ధిమాంద్యం వేరు. చూపు, వినికిడి లోపాల వల్లనో, సరైన బోధన అందకపోవడం వల్లనో చదువు వెనుకబడితే దాన్ని డిస్లెక్సియా అనరు కాబట్టి, ముందుగా కళ్లు, చెవులు పరీక్ష చేయించండి.

ఇంటి దగ్గర ఒకటి చేసి చూడండి. సైన్సు పుస్తకంలో ఇంకా చెప్పని పాఠం నుంచి ఒక పేజీ అతన్నే చదువుకోనిచ్చి నాలుగు ప్రశ్నలు అడగండి. మరో పేజీ మీరు చదివి వినిపించి అలాగే అడగండి. రెండోసారి జవాబులు స్పష్టంగా మెరుగుపడితే, అడ్డంకి విషయం దగ్గర కాదు, అచ్చు దగ్గర ఉందని అనుమానించవచ్చు. ఇది నిర్ధారణ కాదు, కానీ నిపుణులకు చెప్పడానికి పనికొచ్చే ఆధారం. అతని తెలుగు చదువు కూడా గమనించండి. తెలుగులో అక్షరానికి ధ్వని దాదాపు స్థిరంగా ఉంటుంది గనుక తప్పులు తక్కువగా ఉండి, ఒత్తులు, గుణింతాల దగ్గర నెమ్మది మాత్రమే కనిపించవచ్చు. ఇంగ్లిష్‌లో ‘దో’, ‘త్రూ’, ‘టఫ్’ అనే మూడు మాటలూ చివర ఒకే నాలుగక్షరాలతో ముగిసి మూడు రకాలుగా పలుకుతాయి. అందువల్ల తెలుగు బాగానే చదువుతున్నాడు కదా, ఇంగ్లిష్ దగ్గర బద్ధకిస్తున్నాడని అనుకోవద్దు.

ఇక ఎంపీసీ విషయం. లెక్కల మీద అతనికి నిజంగా ఇష్టం ఉంటే తప్పకుండా తీసుకోనివ్వండి. చదవలేని పిల్లల్ని ‘ఆర్ట్స్‌లో వేసేయండి’ అనే సలహా మన దగ్గర తరచుగా వినిపిస్తుంది. దాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను, ఎందుకంటే చరిత్ర, పౌరశాస్త్రాల్లోనే పేజీలకు పేజీలు చదివి, వ్యాసాలు రాయవలసి వస్తుంది. గ్రూపు కంటే కాలేజీ ఎంపికే మీకు ముఖ్యం. రోజుకు ఎన్నో గంటలు మౌనంగా మెటీరియల్ చదివించే రెసిడెన్షియల్ పద్ధతి ఇతనికి నప్పదు. బోర్డు మీద వివరించి, సందేహం నోటితో అడగనిచ్చే చోటు చూడండి. చేతిపని మీద మక్కువ ఉంటే పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరడం కూడా మంచి దారే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. డిస్లెక్సియా అందులోకే వస్తుంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షల ఆధారంగా వైద్య బృందం ధ్రువీకరిస్తుంది. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉందని తేలితే, కేంద్ర మార్గదర్శకాల ప్రకారం పరీక్షల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే సహాయకుడు లభిస్తారు. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే విద్యార్థుల జాబితా) పంపేలోపు ఆ సర్టిఫికెట్ హెడ్మాస్టరుగారి చేతిలో ఉండాలి కాబట్టి, ఈ వేసవి సెలవుల్లోనే క్లినికల్ సైకాలజిస్టును కలవండి. వెళ్లేటప్పుడు మూడు, నాలుగు తరగతుల నాటి నోటుపుస్తకాలు దొరికితే అవి కూడా పట్టుకెళ్లండి. ఇబ్బంది చిన్నప్పటి నుంచీ ఉందో లేదో వారు తప్పకుండా అడుగుతారు.