బ్రేస్ అచ్చుకు వెళ్ళే ముందు కుక్కకు ఏం నేర్పాలి?

మీ ఏడేళ్ళ లాబ్రడార్‌కు వెనక మోకాలి లిగమెంట్ తెగిందనీ, వచ్చే వారం విశాఖలో బ్రేస్ (మోకాలిని పట్టి ఉంచే తొడుగు) కోసం కాలి అచ్చు తీస్తారనీ, కాలు ముట్టుకుంటే గుర్రుమంటున్నాడనీ రాశారు. ఒడిశాలో మీది రాయగడ, మాది పర్లాకిమిడి. రెండేళ్ళ క్రితం మా కుక్క బూరెను ఇదే పని మీద విశాఖ తీసుకెళ్ళి, పని కాకుండానే వెనక్కి తెచ్చాను.

తప్పు నాదే. దారిలో ఆకలేస్తుందని రెండు గుడ్లు ఉడికించి పెట్టాను. అక్కడ అది ఎంతకీ నిలబడలేదు. మత్తు ఇద్దామంటే కడుపు నిండుగా ఉంది, ఇవ్వకూడదన్నారు. అందుకే మత్తు అవసరం పడవచ్చా, ఎన్ని గంటల ముందు తిండి ఆపాలి అన్నది ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి. మాకు మరో వారం గడువిచ్చారు. కింద రాసేదంతా ఆ వారంలో చేసిందే.

అచ్చు తీసేటప్పుడు కుక్క నొప్పి ఉన్న కాలిని కూడా నేలకు ఆనించి నిలబడితే మంచిది. కూర్చుంటే మోకాలి వంపు మారిపోతుంది, ఆ వంపుకు తయారైన బ్రేస్ నడకలో కుదురుగా ఉండదు. కాబట్టి మొదట నేర్పాల్సింది కదలకుండా నిలబడటం. బూరె (పేరుకు తగ్గ ఒళ్ళే) రెండు క్షణాలు నిలబడి చతికిలబడేది. నునుపు గచ్చు మీద కాళ్ళు జారుతున్నాయని గోనె పట్టా పరిచాను. కోడి కార్జం ఉడికించి, మెత్తగా మెదిపి చెంచాకు రాసి మూతికి సూటిగా పట్టుకున్నాను. చెంచా కాస్త పైకి లేచిందా, తల ఎత్తి వెంటనే కూర్చుంటుంది. ముక్కు ఎత్తులోనే ఉంచాలి. ఒక్కో విడత రెండు మూడు నిమిషాలు, రోజుకు నాలుగైదు విడతలు. ఒకేసారి గంట సేపు చేయిస్తే ఆ కాలు తట్టుకోదు.

కాలు ముట్టుకోవడం నడుము దగ్గర మొదలుపెట్టి కిందికి రండి. గుర్రుమంటే చేయి తీసేయండి, తిట్టకండి. గుర్రు మాన్పించిన కుక్క చెప్పకుండా కరుస్తుంది. కరవకుండా మూతికి తొడిగే బుట్ట, లోపలి నుంచి నాకడానికి వీలుండేది, కూడా ఇప్పుడే అలవాటు చేయండి. నొప్పి మరీ ఎక్కువగా ఉంటే డాక్టరునే మందు అడగండి. మనం వాడే నొప్పి మాత్రలు కుక్క ప్రాణం మీదికి తెస్తాయి.

తర్వాత పాత పంచె చీలికలు కాలికి చుట్టాను. మొదట పొడివి, మూడో రోజు నుంచి గోరువెచ్చని నీళ్ళలో ముంచినవి. అక్కడ అచ్చు తీసే అసలు టేపును తడిపి చుడతారు, గట్టిపడేటప్పుడు అది కాస్త వెచ్చబడుతుంది. గట్టిపడ్డాక కోసి తీస్తారు. కొందరు కత్తెర వాడతారు, కొందరు చిన్న రంపం. ఆ మోతకు అలవాటు పడాలని పక్క గదిలో మిక్సీ వేయించాను. మా ఆయనకు ఆ వారమంతా కొబ్బరి పచ్చడే.

ఇంకొకటి, మన వైపు వాళ్ళకే వచ్చే చిక్కు. బూరెకు పాలబ్బాయి నేర్పిన ‘ఠియా హ’ తప్ప నిలబడమనే మాట తెలియదు. విశాఖలో కాంపౌండరు ‘నిలబడు, నిలబడు’ అంటుంటే అది తోక ఊపింది. రెండోసారి ఆ ఒడియా మాట ఆయనకు ముందే చెప్పాను.

జుట్టు మీరు కత్తిరించకండి, కావాలంటే వాళ్ళే చేస్తారు. రెండు రోజుల ముందు స్నానం చేయించి, చిక్కులు తీసి, గోమార్లు ఏరి, బాగా ఆరనివ్వండి. చర్మం మీద పుండు ఉంటే బయలుదేరక ముందే చెప్పండి. దారిలో పార్వతీపురంలో బండి ఆపి, పట్టీ పట్టుకుని నాలుగు అడుగులు నెమ్మదిగా వేయించండి, కాళ్ళు బిగుసుకుపోకుండా ఉంటాయి. గోనె పట్టా మరచిపోకండి.

రెండోసారి బూరె అచ్చు గట్టిపడే దాకా చెంచా నాకుతూనే ఉంది. కత్తెర ఆడినప్పుడు మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. బ్రేస్ వచ్చాక మొదటి రోజు అరగంటే వేశాను. విప్పగానే చర్మం మీద ఎర్రటి గుర్తు కనిపించింది. కాసేపటికి పోకపోతే ఫోటో తీసి పంపమన్నారు. పోలేదు, పంపాను. ఒక అంచు అరగదీసి ఇచ్చారు.